‘అడ్డగాడిద’ అన్నందుకు సంజాయిషీ

విభాగాధిపతి గారికి,

అతిథుల ముందు మిమ్మల్ని ‘అడ్డగాడిద’ అన్నందుకు సంజాయిషీ అడిగారు. అన్నమాట నిజమే, కాదనను.

ఆ ఉదయం మోటారు పరీక్ష కోసం రెండు పవర్ సప్లైలను ఒకదానికొకటి కలుపుతున్నాను. రెండూ కలిస్తే మూడు వందల వోల్టులు, మనిషిని పైకి పంపడానికి బాగా సరిపోతాయి. అందుకే వాటికి కరెంటు వదిలే మీ గదిలోని కంప్యూటరుకు ‘ఆన్ చేయవద్దు’ అని చీటీ అంటించాను. మీరు దాన్ని పీకేసి, “చూడండి, ఇక్కణ్ణుంచే నడిపిస్తా!” అని అతిథుల ముందు బటన్ నొక్కారు. పక్క గదిలో నాకు ఆ మాట వినబడేసరికి నా రెండు చేతులూ తీగల మీదే ఉన్నాయి.

చీటీలను నమ్మే అలవాటు నాకు లేదు, తీగలు ముట్టుకోకముందే ప్లగ్గులు లాగేశాను. కాబట్టే ఈ ఉత్తరం నేను రాస్తున్నాను, మా ఆవిడ కాదు.

మీరు అతిథులను వెంటబెట్టుకొచ్చి, “ఏమయ్యా, మిషను చచ్చిందా?” అన్నారు.

“మిషను కాదండీ, చావాల్సింది నేను!” అన్నాను.

మీరు నవ్వారు. అప్పుడు నోరు జారాను.

తర్వాత మీరు పీకేసిన చీటీని మీ చెత్తబుట్టలోంచి ఏరి తెచ్చుకున్నాను. మీ నోటీసులో ఆ ముక్క లేదు.

క్షమాపణ చెప్పడానికి నాకేమీ నామోషీ లేదు. కాకపోతే మీరు పెద్దవారు, ముందు మీరు కానివ్వండి.

ఇట్లు,
మీ ల్యాబ్ టెక్నీషియన్