పరగడుపు బొమ్మ

యూనివర్సిటీ హాస్టల్,
4 జూన్ 1979

అమ్మకు, సావిత్రి నమస్కారాలు.

మా యంత్రం పనిచేస్తున్నదమ్మా. కోత లేదు, ఎక్స్‌రే లేదు. చెవికి అందని శబ్దాన్ని కడుపులోకి పంపితే, అది తిరిగొచ్చి తెర మీద లోపలి బొమ్మ గీస్తుంది. హాస్టల్ పిల్లల్లో పిత్తాశయం, అంటే పైత్యరసం ఉండే చిన్న సంచి, చక్కగా కనిపించింది. అందులో రాయిని కూడా చూపిస్తేనే ప్రొఫెసర్ రామలింగం గారు నమ్ముతారట. ఈ నెలాఖరులోగా చూపించకపోతే పని ఆపేయాలి.

తిన్నాక కుడి డొక్కలో నొప్పి వచ్చే ఆడవాళ్ళు మన శాలిబండలో ఉంటే పొద్దున్నే పంపు. పరగడుపున రావాలి. యంత్రాన్ని వదిలి నేను రాలేను. ఉత్తరం కూడా వాళ్ళ చేతికే ఇవ్వు.

నీ సావిత్రి

శాలిబండ,
11 జూన్

ప్రియమైన బిడ్డ సావిత్రికి, అమ్మ దీవెనలు.

లాడ్ బజార్‌లో గాజులమ్మే సక్కుబాయిని, కృష్ణమ్మను పంపుతున్నాను. "కడుపుల ఉన్నదంతా కనబడ్తదా విమలక్కా? కోడల్ని తిట్టుకునేది గిట్ల కనబడదు గద?" అని సక్కుబాయి ఫికరు పడింది. "గది చూడనీకె ఇంకో మిషిన్ కావాలె, నడువు," అన్నాను.

అమ్మవారి కుంకుమ పంపుతున్నాను, యంత్రానికి పెట్టు. నేను బాగున్నాను. రాత్రి భోజనం మానేశాను, ఒళ్ళు తేలికగా ఉంది.

ఆశీస్సులతో, అమ్మ

హాస్టల్,
11 జూన్, మధ్యాహ్నం

అమ్మా,

కుంకుమ పెట్టాను. కానీ ఇద్దరిలోనూ అసలు సంచే కనిపించలేదు. రామలింగం గారు నవ్వి వెళ్ళిపోయారు. ఏమైనా తింటే, అందులోనూ నెయ్యో నూనో తగిలితే, ఆ సంచి ముడుచుకుపోతుంది. అడిగితే మాత్రం "అన్నం మెతుకు ముట్టలే బిడ్డా," అన్నారు ఇద్దరూ. తప్పు ఎక్కడుందో తెలియడం లేదు.

నువ్వు రాత్రి భోజనం ఎందుకు మానేశావు?

సావిత్రి

శాలిబండ,
25 జూన్, సోమవారం

ప్రియమైన సావిత్రీ,

తప్పు నీ యంత్రంలో లేదు, నా వంటింట్లో ఉంది. నా మాట మీద గడప దాటేవాళ్ళను ఉత్త కడుపుతో ఎలా పంపను? మన ఉపవాసాల్లో చేసుకున్నట్టే, అన్నం మాని పలహారం పెట్టాను. నేతి పూరీలు, చిక్కటి పాల చాయ్. వాళ్ళు అబద్ధమాడలేదు. మన దగ్గర పలహారాన్ని తిండి కింద ఎవరు లెక్కిస్తారు?

ఈసారి నిన్న సాయంత్రం నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టని మనిషి వస్తున్నది. తోడు సక్కుబాయి. ఈ మనిషికి నూనె వస్తువు తింటే చాలు, కుడి డొక్కలో పోటు. నీకు తెలిస్తే పని వదిలి పరుగెత్తుకొస్తావని ఇన్నాళ్ళూ దాచింది. రాయి ఉంటే నీ యంత్రం చూపిస్తుంది, నాకు అనుమానం లేదు. రామలింగం గారిని కూడా పిలిచి పక్కన నిలబెట్టుకో.

ఇక తలెత్తి చూడు. ఈ ఉత్తరం సక్కుబాయితో నీ చేతికిప్పించి, ఆమె వెనకాల నిలబడ్డది నేనే. కళ్ళు తుడుచుకొని పని మొదలుపెట్టు తల్లీ. నీ చేయి వణికితే బొమ్మ చెదురుతుంది.

నీ ఎదుటే ఉన్న,
అమ్మ