నీ అంగీ ఉతికేశాను

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. శాలిబండలో మన దగ్గర పాలు పోయించుకునే ఇళ్లు ఒక్కటీ పోలేదు. లచ్చి నీ చేతికి తప్ప ఎవరికీ పాలిచ్చే బర్రె కాదు కదా! అందుకే ఇన్నాళ్లూ ఉతకని నీ అంగీని చీర మీద తొడుక్కుని, నీ వాసనతో దాన్ని నమ్మించి పాలు పిండుతున్నాను.

లచ్చికి సిగ్గెక్కువ, గౌరికి అలక, నల్లదానికి ఉరుములంటే భయం. ఒక్కోదాని గుణం ఎంత మురిపెంగా చెప్పేవాడివో! నేను అలిగితే మాత్రం "ఆడోళ్లంతా గింతే" అని లేచి వెళ్లిపోయేవాడివి. ఉరిమినప్పుడల్లా నల్లదాని పక్కన కొట్టంలోనే పడుకునేవాడివి. ఉరుములంటే నాకూ భయమే. అది నీకు తెలియనే లేదు.

పొద్దున పాలు పిండాక ఆ అంగీ ఉతికి దండెం మీద ఆరేశాను. మీ తమ్ముడు చూసి లొల్లి పెట్టాడు.

"ఏంది వదినా, అన్న అంగి ఉతికినవా? ఇగ రేపు లచ్చి పాలిస్తదా?"

"రేపటిసంది నా చీరతోనే పాలు పిండ కూసుంట. తంతె తన్ననీ," అన్నాను. "ఈ ఇంట్ల ఒక్కదానికన్నా నేనెవరో ఎర్క కానియ్యి."