క్రిస్మస్ కూరకు ఏ మాంసం?

మచ్చ బొల్లారం,
డిసెంబర్ 17

అవ్వా, వందనాలు.

నీకు ఫోనులో మాట వినబడదు కాబట్టి పాలబండి పరమేష్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పండుగ రోజు ఆదిత్య అమ్మానాన్నలు గాజులరామారం నుంచి భోజనానికి వస్తున్నారు. హిందువులు. క్రైస్తవుల ఇంట్లో తినడం ఇదే మొదటిసారి. మా పెళ్లికి ఒప్పుకునేదీ లేనిదీ ఆ రోజే తేలుతుంది. ఇంతలో ఈ కోళ్ల రోగం! శామీర్‌పేట దిక్కు ఏదో ఫారంలో కోళ్లు చచ్చాయట. మా గల్లీలో చికెన్ దుకాణం ముందు ఈగ కూడా వాలట్లేదు. ఇక నీ ఊరికోళ్ల మీదే ఆశ. మన పెద్దోడు ఎట్లున్నాడు? జల్దీ రాయి.

నీ మనవరాలు,
రక్షిత

అలియాబాద్,
డిసెంబర్ 18

బిడ్డా రక్షితా, ప్రభువు నిన్ను సల్లగ సూడాలె.

పెద్దోడిని యాది జేసినవు, మస్తు సంతోషం. రెండు రోజుల సంది పానం బాగలేదు. ముక్కు కారుతాంది. తిండి ముడుతలేడు. మెడ వాలేసి మూలకు కూసుంటుండు. నా దుప్పటి కప్పి, పసుపు పాలు తాపిన. పరేషాన్ గాకు, పండుగకు నేనే తోలుకొస్త.

మీ అవ్వ,
సత్తమ్మ

తా.క. అందరి నడుమ కూసోబెట్టి మంచిగ మర్యాద జెయ్యి. కొంచెం కోపమెక్కువ.

మచ్చ బొల్లారం,
డిసెంబర్ 19

అవ్వా!

నీ ఉత్తరం చదివి వెంటనే రాస్తున్నాను. వాడిని ముట్టుకోకు! దుప్పటి కాల్చెయ్యి. చేతులు సబ్బుతో కడుక్కో. ప్రాణం పోతే లోతుగా గుంత తవ్వి, సున్నం పోసి పాతిపెట్టించు. పశువుల దవాఖానకు ఫోన్ చేసి చెప్పాను, రేపు వస్తారు. కోడికి పాలు తాగించడమేంటి అవ్వా?

భయంతో,
రక్షిత

అలియాబాద్,
డిసెంబర్ 20

బిడ్డా, బాగున్నవా? నీ తలకాయ బాగుందా?

పెద్దోడంటే నా పెద్దకొడుకు, మీ పెద్దబాపు! నువ్వు పెద్దపుంజును అడిగినవని నాకేం ఎరుక? పొద్దుగాల తలకాయ నుంచి కాళ్లదాకా తెల్లబట్టలేసుకొని ఇద్దరు వచ్చిండ్రు. పండుగ దగ్గరపడ్డది గదా, దేవదూతలే దిగిండ్రనుకొని వందనం జేసిన. "జబ్బు పడ్డది ఎక్కడ?" అన్నరు. పెద్దోడిని సూపెట్టిన. "గుడ్లు పెడ్తాందా?" అని తలకాయెత్తకుంట రాసుకుంటనే అడిగిండ్రు. పుంజులను సూసిండ్రు, ఏ రోగం లేదన్నరు. అయినా ఈ రోగం సల్లబడేదాక కోళ్లను ఊరు దాటియ్యొద్దంట. ఇగ నీ కూర సంగతి నువ్వే సూసుకో.

మీ అవ్వ

తా.క. నా అద్దాలు కనబడక నీ ఉత్తరం పెద్దోడితోనే సదివించిన. సున్నం కాడికి వచ్చినంక సదువుడు ఆపిండు.

మచ్చ బొల్లారం,
డిసెంబర్ 22

అవ్వా, పెద్దబాపు కాళ్లు మొక్కానని చెప్పు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అమ్మ చేపలంది. పెళ్లి మాట తేలకముందే వాళ్ల గొంతులో ముల్లు ఇరుక్కుంటే? అందుకని మేకమాంసమే ఖాయం చేశాం. మనింట్లో ఏ మాంసం వండామోనని వాళ్లకు అనుమానం రాకూడదు కదా, అందుకే ఆదిత్యనే వెంటబెట్టుకెళ్లి, అతని కళ్లముందే కోయిస్తాను. బిర్యానీ, కూర, పప్పులో బొక్కలేసి వండే దాల్చా. అయినా ఇంకేం మరిచానోనని లెక్కేసుకుంటూనే ఉన్నాను.

రక్షిత

మచ్చ బొల్లారం,
డిసెంబర్ 27

అవ్వా, వందనాలు.

పెద్దబాపు దగ్గు తగ్గక నువ్వు రాలేకపోయావు. జరిగింది విను. ఆదిత్య వాళ్లమ్మ దుర్గాబాయి గారు విస్తరి ముందు కూర్చున్నారు. బిర్యానీ మూత తీయగానే ఆమె మొహం మాడిపోయింది. "ఇయ్యాల బేస్తారం గదమ్మా. మేం ముట్టం" అన్నారు. బేస్తవారం! గురువారాలు వాళ్లు నీసు ముట్టరట. రోగం సంగతి చూశాం, ముల్లు సంగతి చూశాం, వారం చూసినవాళ్లే లేరు. దాల్చాలోనూ మాంసమే. కేకు ఇవ్వబోతే అందులో గుడ్డు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆదిత్య అయితే నేల చూపులు.

ఆమే లేచి కొంగు నడుముకు చెక్కుకుని మా వంటింట్లోకి వచ్చారు. "లే బిడ్డా, బియ్యం కడుగు. నేను చారు పెడ్త" అన్నారు. ఆలుగడ్డలు తరుగుతూ నెమ్మదిగా చెప్పారు: "వారం రోజుల సంది నాకు ఒకటే బుగులు. పండుగ ఇంట్ల ముట్టనంటే మీరేమనుకుంటరో అని. పిలగాన్ని చెప్పమంటే మర్చిపోయిండు." నా భయం నాదైతే, ఆమె భయం ఆమెదన్నమాట! ఇద్దరం నవ్వుకున్నాం. అందరం చారన్నమే తిన్నాం. వెళ్తూ వెళ్తూ, "కూర దాచుండ్రి. రేపు మళ్ల వస్తం" అన్నారు.

నిజంగానే వచ్చారు. రెండుసార్లు వడ్డించుకున్నారు. చేతులు కడిగి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మతో "ఇగ ఈ పిల్ల మాదే" అన్నారు.

నీ రక్షిత

తా.క. పెళ్లి చర్చిలోనే, తారీఖు మనల్నే చూసుకోమన్నారు. షరతు మాత్రం ఒక్కటే పెట్టారు: "బేస్తారం పెట్టకుండ్రి. పెండ్లిల ముక్క లేకుంటే మా చుట్టాలు మొకం జూడరు."