నల్లటి ఫొటోలో రెండో హెల్మెట్

అన్నయ్యా,

నాలుగేళ్ల కిందట "నాకు అన్న లేడు, ఇక నా ముఖం చూడకు" అని రాసింది నేనే. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను. సిగ్గుగానే ఉంది. అయినా చింపేసే ముందు చివరిదాకా చదువు.

నా మణికట్టు మీద కమిలిన మచ్చ చూసి నువ్వు మా ఆయన్ని నలుగురిలో నిలదీశావు. ఆ తర్వాత నిన్ను మా గడప తొక్కనివ్వలేదు. అమ్మకానికున్న ఇళ్లకు ఫొటోలు తీయడం ఆయన పని. కర్టెన్లు జరిపి, లైట్లు వేసి, చెప్పినచోట నిలబడడం నా పని. నన్ను తీసుకెళ్లిపోతానని నువ్వు కబురు పెట్టిన రోజు మా పని ఒక మూడో అంతస్తు ఫ్లాటులో. పదింటికి కింద రోడ్డు మీద ఉంటానన్నావు, నేను దిగి వస్తే చాలన్నావు.

మన కంటికి గదీ, కిటికీ అవతలి ఎండా ఒకేసారి ఆనతాయి. కెమెరాకు అంత చేతకాదు. గది బాగా కనబడేలా తీస్తే కిటికీ తెల్లగా వెలిసిపోతుంది. కిటికీ కోసం తీస్తే గది నల్లబడుతుంది. అందుకని ఒకేచోటి నుంచి ఒకటి నల్లగా, ఒకటి మామూలుగా, ఒకటి తెల్లగా మూడు తీసి, ఒక్కోదాంట్లో బాగున్నంత మేరకు తీసుకుని కంప్యూటర్లో కలుపుతారు. హెచ్‌డీఆర్ అంటారు దాన్ని. మధ్యలో మనిషి కదిలితే ఫొటోలో రెండు తలలు మొలుస్తాయి. అందుకే నాతో ఆయనది ఎప్పుడూ ఒకటే మాట, కదలకు.

కిటికీకి వీపు పెట్టి నిలబడమన్నారు. మూడూ తీసి, కెమెరా వెనక తెరలో చూసుకున్నారు. "కదిలావు, పాడైంది. బ్యాటరీ కూడా అయిపోయింది, కారులోంచి తెస్తా. అలాగే ఉండు. మెడ తిప్పావంటే మళ్లీ మొదటికొస్తుంది" అని వెళ్లారు. పావుగంట అలాగే ఉన్నాను. నువ్వు హారన్ కొడతావని చెవులు అటే పెట్టుకుని ఉన్నాను. పని అయ్యాక తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ. ఇంటికెళ్లి ఆ ఉత్తరం రాశాను. పోస్టులో వేసింది ఆయనే, ఎంత శ్రద్ధగానో.

మొన్న పాత డిస్కు సర్దుతుంటే ఆ ఫ్లాటు దొరికింది. కలిపిన ఫొటోలో రోడ్డు శుభ్రంగా ఉంది, నిన్ను తుడిచేశారు. నల్లటిది తెరిచాను. గదంతా బొగ్గు. అందులో నేనొక నీడని. నా భుజం పక్కన కిటికీలో మాత్రం పట్టపగలు. గళ్ల చొక్కాలో నువ్వు, పక్కన స్కూటర్. నీ తల మీద ఒక హెల్మెట్, చేతిలో ఇంకొకటి.

వచ్చావు కదా అన్నయ్యా. మరి పైకి ఎందుకు చూడలేదు? ఎందుకు పిలవలేదు? వచ్చే సోమవారం పదింటికి అదే రోడ్డు మీద సంచితో నిలబడతాను. వస్తావా?

నీ పిచుక


చెల్లెలికి,

పైకి ఎందుకు చూడలేదని అడిగావు. పైకి తప్ప ఎటూ చూడలేదు.

మీ ఆయన బ్యాటరీ కోసం దిగలేదు, నా కోసం దిగాడు. నవ్వుతూ వచ్చాడు. "తను రానంటోంది. మీరు వచ్చారని చెప్పాను. నమ్మకపోతే చూడండి, అదిగో కిటికీ దగ్గరే ఉంది. రావాలనుకుంటే ఇటు తిరుగుతుంది" అన్నాడు. గొంతు చించుకుని రెండుసార్లు పిలిచాను. అద్దాలు మూసి ఉన్నాయో, నీ మనసే మూసి ఉందో నాకేం తెలుసు? వంద లెక్కపెట్టాను. చిన్నప్పుడు నిమిషం కుదురుగా నిలబడని పిచుకవి, ఆ రోజు మెడ కూడా తిప్పలేదు. మళ్లీ వంద లెక్కపెట్టాను. మూడో రోజు నీ ఉత్తరం కూడా అందింది. ఇంక అనుమానమెందుకు?

ఇప్పుడేదో ఫొటో దొరికిందంటున్నావు. నిజమే కావచ్చు. కానీ అది నిజమైతే, నిన్ను నాలుగేళ్లు ఆ ఇంట్లో వదిలేసినవాణ్ణి నేనవుతాను. అది మోసే ఓపిక నాకు లేదు. కాబట్టి నమ్మను. సోమవారం రాను. ఆ హెల్మెట్ మీ వదిన పెట్టుకుంటోంది. ఆమెకు సరిగ్గా సరిపోయింది.

ఒకప్పటి అన్న


అన్నయ్యా,

నీ ఉత్తరం ఆయన ముందు పెట్టి అడిగాను. చదివి, కళ్లజోడు తుడుచుకుని నవ్వాడు. "నేనేమైనా నిన్ను కట్టేశానా? మెడ తిప్పితే సరిపోయేదిగా" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మనిషి నాతో చెప్పిన నిజం అదొక్కటే. తిన్న దెబ్బలు మర్చిపోతానేమోగానీ ఈ మాట మర్చిపోలేను. ఫొటో పాడవుతుందని భయపడ్డాను అన్నయ్యా. నా బతుకు కింద స్కూటర్ పక్కన నిలబడి ఉంటే, నేను ఫొటో కోసం భయపడ్డాను.

అప్పటికప్పుడే సంచి సర్దుకున్నాను. ఇది బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. నువ్వెక్కడికీ రావద్దు. సోమవారం పదింటికి నేనే మీ ఇంటి ఎదురుగా రోడ్డు మీద ఉంటాను. కిటికీ మూసుకో. వీపు పెట్టి కూర్చో. వంద లెక్కపెట్టుకో, వెయ్యి లెక్కపెట్టుకో. కదలకుండా నిలబడడం నాకు కొట్టి మరీ నేర్పారు. హెల్మెట్ వదిననే ఉంచుకోమను, నేను వేరేది కొనుక్కున్నాను.

ఈసారి మెడ తిప్పాల్సింది నువ్వు.

పిచుక