నీ పొట్టేలు మెడలో గంట

అన్నా,

నువ్వు పోయి ఈ పొద్దుకు రెండేండ్లు. పంచకుండా మిగిలిన కరపత్రం వెనకాల రాస్తాండాను.

మదనపల్లెలో జవాన్లకు మనసు వైద్యం శిబిరం పెట్టినారు. తలకు వైర్ల టోపీ పెడితే మెదడులో అలజడి తెరమీద గీతగా కనిపిస్తాదంట. ఏ శబ్దానికి ఎవరి మనసు కుదుటపడతాదో ఏఐ కనిపెడతాదంట. 'సిపాయి మెదడు కూడా మిషన్లకేనా?' అని కరపత్రం అచ్చేయించుకొని, కొట్లాడదామనే పోయినా.

టోపీ పెట్టుకొని మన పుంగనూరు హవల్దార్ రెడ్డెప్ప మామ కూర్చోనుండాడు. వాన శబ్దం పెట్టినారు, పిల్లనగ్రోవి పెట్టినారు. గీత ఎగిరెగిరి పడతానే ఉండాది. అంతలో బయట రోడ్డుమీద గొర్రెల మంద పోయింది. గంటలు మోగతాంటే గీత మెల్లమెల్లగా సదునయింది.

"ఏం చేసినారు సార్?" అని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది.

"నేనేం చేసినానమ్మా, గొర్రెలు చేసినాయి" అని మామ నవ్వినాడు.

సెలవులకొచ్చినప్పుడు నువ్వు వణికే చేతుల్ని ఒళ్ళో పెట్టుకొని పగలంతా గొర్రెల దొడ్లోనే కూర్చునేవాడివి. "మిలిటరీవాడివి, సిగ్గు లేదా? ఊరంతా నగతాండారు" అని నిన్ను బయటికి లాక్కొచ్చింది నేనే. నీకు నువ్వే వైద్యం చేసుకుంటాండావని ఆ గీత చూసేదాకా నాకు తెలీలేదన్నా.

కుప్పం జవాను ఒకాయనకు ఇంతవరకు ఏ శబ్దమూ పనిచేయలేదంట. ఆయన కూడా గొర్రెలు కాసే ఇంటివాడే. రేపు నీ పొట్టేలు గంట తీసుకొని పోతాండాను.