దాది పేరు

క్విటో,
సెప్టెంబరు

నా బంగారు చెల్లి లుజ్మీలాకు,

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను. మధ్యలో అడ్డంగా ఒక గీత గీశాను. అక్కడిదాకా గట్టిగా చదువు. దాని కింద ఉన్నది నీకొక్కదానికే.

అమ్మా, నేను బాగున్నాను. ఇక్కడ పొద్దున ఎండ కళ్ళలో పొడుస్తుంది. మధ్యాహ్నానికి పిచించా కొండ మీద నుంచి మబ్బు జారి ఊరంతా కప్పేస్తుంది. ఆ తర్వాత వాన, ఒక్కోసారి వడగళ్ళు. చీకటి పడేసరికి పళ్ళు కొట్టుకునే చలి. ఆదివారం బంగారు చర్చికి వెళ్ళాను. లోపల గోడలు, స్తంభాలు, పైకప్పు అన్నీ బంగారమే. ఏడవాలో మొక్కాలో తెలియక మొక్కి వచ్చాను. నేను పనిచేసే మ్యూజియం పాత ఊళ్ళో ఉంది. మన ఉర్కుపంబ దొరలు వానాకాలం వచ్చి ఉండే ఇల్లే అది. మన ఊళ్ళో గడీ, ఇక్కడ ఈ మేడ. నువ్వు చిన్నప్పుడు ఏ గడీ గచ్చు తుడిచావో, ఆ దొరల ఇంట్లో నేను ఇప్పుడు నిలబడి పెద్దమనుషులకు చరిత్ర చెబుతున్నాను. నువ్వు మాత్రం ఇప్పుడే రావద్దు. ఈ చలి నీ ఛాతీకి మంచిది కాదు.

————

చెల్లీ, చలి అబద్ధం. అమ్మ ఇక్కడికి రాకూడదు, అంతే. నేను చరిత్ర చెప్పేది కాసేపే. మిగతా పొద్దంతా మన నీలం లంగా, పూసల దండలు వేసుకుని వంటగదిలో రాతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మొక్కజొన్న నూరాలి. యాత్రికులు ఫొటోలు తీసుకుంటారు. "మరియా, ఇటు చూడు" అంటారు. ఈ ఊళ్ళో మన లంగా కట్టిన ప్రతి ఆడదీ వాళ్ళకు మరియానే. నా పేరు జోయిలా అని చొక్కా మీద చీటీ పెట్టుకున్నా లాభం లేదు. నేను నూరుడు రాయి ముట్టుకోకూడదని కదా అమ్మ నన్ను బడికి పంపింది? డైరెక్టరుగారు మాత్రం, "ఇవన్నీ నవంబరుదాకేనమ్మా. కొత్త గది తెరిచే రోజున మీ ముగ్గురు కొత్త గైడుల్లో ఒకరికి గైడు ఉద్యోగం ఖాయం చేస్తాను" అన్నారు. ఆ ఉద్యోగం నాకు కావాలి. అది వస్తే నూరడం ఉండదు, నీ చదువు ఆగదు.

ఇంకో సంగతి. మూడో గదిలో ఒక పాత ఫొటో ఉంది. మన మనిషి ఒకామె దొరబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద చీటీ మీద ఏం రాసుందో తెలుసా? "మానా యచానీ, గడీ దాది." చూడగానే ఫక్కున నవ్వాను. పేరేమిటని స్పానిష్‌లో అడిగితే ఆమె మన భాషలో 'నాకు తెలియదు' అంది, వాళ్ళు అదే పేరని రాసుకున్నారు! తర్వాత ఆ మొహం చూశాను. నవ్వు ఆగిపోయింది.

నీ అక్క
జోయిలా

*

క్విటో,
అక్టోబరు

చిట్టి చెల్లెలికి,

చలి మాట విని అమ్మ నవ్విందని రాశావు. మంచు మీద వట్టి కాళ్ళతో గొర్రెలు కాసినదానికి క్విటో చలి ఒక లెక్కా అందట. ఆమెను ఎలాగైనా ఆపు. బస్సు దారి కొట్టుకుపోయిందని చెప్పు. ఈసారి పై భాగం చిన్నదే: అమ్మా, నేను క్షేమం, తింటున్నాను, వానలు ఎక్కువగా ఉన్నాయి.

————

ఇది చదివి నన్ను అసహ్యించుకోకు. ఆ చీటీ తప్పని డైరెక్టరుగారితో చెప్పాను.

"సార్, అది పేరు కాదు. 'నాకు తెలియదు' అని అర్థం."

ఆయన బల్ల మీద కొట్టి నవ్వారు. రెండో గైడు గొన్సాలోను కేకేశారు. "ఒరే, విన్నావా? ఇన్నేళ్ళుగా మనం గోడకు 'నాకు తెలియదు'ను వేలాడదీసి, దాని కింద పూలు పెడుతున్నాంరా!"

"మార్పించమంటారా సార్?" అన్నాను.

"మార్పించడమా? పిచ్చిదానా, జనం పడీ పడీ నవ్వే కథ ఇది! ఇవాళ్టి నుంచి మూడో గది నీది. నీ నోటి నుంచి వస్తేనే దానికి రుచి. దొరసాని వచ్చినప్పుడు మాత్రం నోరెత్తకు."

ఇప్పుడు రోజూ చెబుతున్నాను. పేరు రాసుకున్న గడీ గుమాస్తా గొంతుతో, "నీ పేరేమిటే?" అంటాను. తల వంచి సన్నగా, "తెలీదు దొరా" అంటాను. మళ్ళీ గుమాస్తాగా, "సరే తెలీదమ్మా, బిడ్డను సరిగ్గా ఎత్తుకో!" అంటాను. గది దద్దరిల్లిపోతుంది. గొన్సాలో చెబితే ఇంత నవ్వరు. నాకే బాగా వచ్చు. చెల్లీ, ఆ నవ్వు వినిపించినప్పుడు నాకు సంతోషంగా ఉంటుంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

పోయిన వారం దొరసాని ఎర్నెస్తినా వచ్చింది. ఫొటోలో ఒళ్ళో ఉన్న పసిబిడ్డ ఈవిడే. అరవై దాటాయి, చేతికర్ర పట్టుకుంది. కొత్త గదికి డబ్బంతా ఈవిడదే. ఫొటో అద్దాన్ని చేత్తో నిమిరి, "నా మానా" అంది. "నాకు వచ్చిన మొదటి మాట అమ్మ కాదు, మానా. ఇప్పటికీ జ్వరం వస్తే ఆమెనే పిలుస్తాను. మరియా, మీ భాషలో మానా అంటే ఏమిటే?"

మానా అంటే "లేదు" అని చెప్పాలి. డైరెక్టరుగారు నా వైపే చూస్తున్నారు.

"తల్లి లాంటి మాట, దొరసానీ" అన్నాను.

ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చి నన్ను కావలించుకుంది. సాయంత్రం డైరెక్టరుగారు నా భుజం తట్టి, "ఇక నీకు ఢోకా లేదు" అన్నారు.

నీ అక్క
జోయిలా

*

క్విటో,
నవంబరు

లుజ్మీలా,

ఈసారి గీత లేదు. అమ్మ ముందు దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

కొత్త గది తెరిచే రోజునే అమ్మ వచ్చింది. వడగళ్ళ వాన. నేను పెద్ద గుంపుతో మూడో గదిలో ఉన్నాను. తలుపు దగ్గర కాపలావాడు, "మరియా, కూరలు వెనక గుమ్మం నుంచి" అనడం, "కూరలు కావు నాయనా, బార్లీ పిండి. మా అమ్మాయికి" అని అమ్మ మన భాషలో అనడం వినిపించాయి. తిరిగి చూసేసరికి గుంపు వెనక నిలబడి ఉంది. శాలువా నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను అప్పటికే "నీ పేరేమిటే" అనేశాను. ఆపి ఉండవచ్చు. డైరెక్టరుగారు చూస్తున్నారు. ఆపలేదు. "తెలీదు దొరా" అని తల కూడా వంచాను. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, చెల్లీ. పాపం స్పానిష్ రాదు కదా, అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది. అదొక్కటే చాలు నాకు జన్మంతా.

గుంపు వెళ్ళాక అమ్మ ఫొటో దగ్గరికి వెళ్ళింది. "ఎడమ చెవి తమ్మె చూడు. గుమాస్తా పోగు లాగితే తెగింది. మా అమ్మే ఇది."

అమ్మ మామూలుగా, వంట సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "నాకంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టాడు. పాలు గడీకి పోయాయి. వాడికి బార్లీ గంజి పట్టారు, నిలవలేదు. ఆ నెలలోనే ఈ బొమ్మ తీశారు. పేరు అడిగితే మా అమ్మకు అర్థం కాలేదనుకున్నావా? గడీలో పుట్టి పెరిగిన మనిషి. 'ఇది నా పాలు తాగింది చాలు, నా పేరు కూడా దీని నోట్లో పెట్టాలా' అనుకుందట."

అప్పుడే దొరసాని కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చింది. వెనక డైరెక్టరుగారు. ఈమె దాది కూతురని నేను చెప్పగానే దొరసాని మొహం వెలిగిపోయింది. అమ్మ చేతులు రెండూ పట్టుకుంది. "అయితే మనం అక్కచెల్లెళ్ళమే! మానా అన్నది తల్లి లాంటి మాటన్నారు కదా. అసలు పేరేమిటి? చెప్పమ్మా, బంగారు అక్షరాలతో రాయిస్తాను."

అమ్మ చేతులు విడిపించుకుని శాలువాలో పెట్టుకుంది. దొరసాని నా వైపు తిరిగింది. "నువ్వు అడగవే, మీ భాషలో."

నేను అడగలేదు. నాకూ తెలియదు ఆ పేరు, ఇంట్లో ఎప్పుడూ వినలేదు. డైరెక్టరుగారి చేతిలో నా ఉద్యోగం కాగితం ఉంది. నా నోటికి ఏది దొరికితే అది అనేశాను.

"మరియా" అన్నాను.

"మరియా! ఎంత చక్కటి పేరు!" దొరసాని కళ్ళు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి కొత్త చీటీ, నాకు ఉద్యోగం, రెండూ వచ్చాయి.

అమ్మను బస్సు దాకా దిగబెట్టాను. సాన్ ఫ్రాన్సిస్కో చర్చి, రాళ్ళ వీధులు, కొండ మీది కన్యమేరీ విగ్రహం, అన్నీ దారిలోనే ఉన్నాయి. చూపించాను. "బాగున్నాయి" అంది. అమ్మమ్మ పేరు అడిగాను. "బస్సు కదులుతోంది" అంది.

చెల్లీ, ఇప్పుడు నేను ఆ ఫొటో గది గైడును. చీటీలు మార్చే అధికారం నాకుంది. నిజం రాయిస్తాను. అమ్మమ్మ పేరు, ఊరు, పోయిన బిడ్డ సంగతి, అన్నీ రాయిస్తాను. దొరసాని ఏమైనా అనుకోనీ. నా తప్పు దిద్దుకోనివ్వండి. అమ్మను అడిగి ఆ పేరొక్కటి రాసి పంపు.

జోయిలా

*

ఉర్కుపంబ,
డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం అమ్మకు మొత్తం చదివాను. ఇంతకుముందువి కూడా మొత్తమే చదివాను. మొదటిరోజే గీత దగ్గర ఆపితే, "ఇంకా కాగితం మిగిలిందిగా, కానివ్వు" అంది. నాకు అబద్ధం చెప్పడం రాలేదు. అందుకే అమ్మకు అంతా తెలుసు. తన అమ్మ మొహం ఆ వయసులో ఎలా ఉండేదో చూడాలని, నువ్వు ఆ కథ ఎలా చెబుతావో వినాలని వచ్చింది. అమ్మకు స్పానిష్ రాదని రాశావు. వచ్చు. సంతలో రానట్టు ఉంటుంది, అంతే. మరి ఎందుకు నవ్వావే అని అడిగాను. "అది చెప్పే తీరు అంత బాగుంది" అంది. తర్వాత ఆ పూట అన్నం తినలేదు.

నీ మీద కోపం లేదట. ఉద్యోగం వచ్చినందుకు కోడిని కోసింది, ఇరుగుపొరుగును పిలిచి పెట్టింది. నేను చదువుకుంటున్నాను, నువ్వు పంపిన బూట్లు సరిపోయాయి.

అమ్మమ్మ పేరు నాకు చెప్పింది. చాలా బాగుంది. నీకు రాస్తానని బతిమాలాను. వద్దంది. "అది మంచి పిల్ల. ఎవరైనా ప్రేమగా అడిగితే ఇచ్చేస్తుంది" అంది.

పోయిన మంగళవారం అన్నయ్యకు ఆడపిల్ల పుట్టింది. నీ చెవుల్లాంటి చెవులు. ఆ పేరే పెట్టుకున్నాం. చర్చి పుస్తకంలో మాత్రం వేరేది రాయించాం. నువ్వు సెలవుల్లో వస్తానన్నావు కదా, తప్పకుండా రా. నువ్వున్నన్నాళ్ళూ మేమంతా దాన్ని "పాపా" అని పిలవాలని అమ్మ చెప్పింది. నేను ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నాను.

నీ చెల్లెలు
లుజ్మీలా