పదిహేడో వరస

జూన్ 9, మంగళవారం
సాయంత్రం ఐదు గంటలు

పూజ్యులైన బాబాయి గారికి,

నమస్కారాలు. మీరూ పిన్నీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమే అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నిజమో కాదో చివరిదాకా చదివాక మీరే తేల్చండి.

ఈ రోజు పొద్దున మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, నేను రాసిన వాక్యాన్ని అచ్చులో చూశాను. కాలేజీ పత్రికకి నాలుగుసార్లు పంపితే నాలుగుసార్లూ తిరిగొచ్చిన నా రాతకి చివరికి అచ్చు యోగం పట్టింది. పట్టింది నాన్న వాచీల బడ్డీ తలుపు మీద.

ఎనిమిదిన్నరకి నాన్న వెనకే క్యారేజీ పట్టుకుని వెళ్లాను. తాళం తీయబోయిన నాన్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తలుపు మీద కాగితం. జిగురు ఇంకా ఆరలేదు, అంచుల్లోంచి కారుతోంది. పైన మున్సిపాలిటీ ముద్ర, దాని కింద తీర్మానం నంబరు, ఆ కింద నా వాక్యం. 'పై పట్టికలో లేని అనుమతులన్నీ గడువు తీరినట్లుగా భావించవలెను.' పదిహేను రోజుల్లో బడ్డీ ఎత్తేయాలట. మీ మున్సిపల్ ఆఫీసు ప్రహరీ మూలన ఇరవై మూడేళ్లుగా ఉన్న బడ్డీ. ఊరంతా టైము మేస్త్రి అని పిలిచే మనిషికి ఉన్న ఒకే ఒక్క చోటు.

నాన్న జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకున్నారు. ఆగిపోయిన వాచీని చూసినట్టే పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు. ఎవరు రాశారో గానీ అమ్మాయ్, ఒక్క మాట ఎక్కువ లేదు, స్క్రూ బిగించినట్టు బిగించాడు అన్నారు. బిగించాడు అన్నారు బాబాయ్. బిగించింది నేనే నాన్నా అనాల్సింది పోయి, క్యారేజీ ఆయన చేతికిచ్చాను.

ఆ తర్వాత ఆయన అన్న మాట ఇంకా చెవిలో ఉంది. మీ బాబాయికి ఈ సంగతి తెలిసుండదు, తెలిస్తే ఊరుకునే మనిషా, నువ్వు ఆఫీసుకి వెళ్లగానే వాడి చెవిన వెయ్యి అన్నారు. అని, ఆ కాగితం ఉన్న తలుపునే జాగ్రత్తగా, చిరగకుండా తెరిచి, లోపల కూర్చుని, ముందుగా మీ వాచీనే చేతిలోకి తీసుకున్నారు.

ఆఫీసుకి నడిచే ఆ నాలుగు అడుగుల్లో నాకు రెండు నెలలు కళ్ల ముందు తిరిగాయి.

ఏప్రిల్‌లో సెలవుల శిక్షణకి మీ దగ్గర చేరినప్పుడు నాకు మినిట్స్ అంటే గంటలో అరవయ్యో వంతు అని మాత్రమే తెలుసు. సమావేశంలో జరిగినదాన్ని రాసిపెట్టడం అని మీరు నేర్పారు. మొదటి రోజు నేను, సభ్యులు కుళాయి గురించి ఆవేశంగా వాదించుకున్నారు అని రాస్తే, మీరు ఎర్ర పెన్నుతో అంతా కొట్టేసి 'చర్చ జరిగింది' అని రెండు మాటలు పెట్టారు. హెడ్ గుమాస్తా పుస్తకంలో ఆవేశానికి గది లేదమ్మా అన్నారు. ఆ రెండు మాటలు చూసి నేను పొంగిపోయాను. అంత అల్లరి అంత చిన్న పెట్టెలో పట్టిందే అనుకున్నాను. నాన్న కూడా అంతేగా, ఒక రోజు మొత్తాన్ని అగ్గిపెట్టెలో సగం లేని డబ్బాలో తిప్పుతారు. మీ ఇద్దరి పనీ ఒకటేనని ఇంట్లో చెబితే నాన్న మురిసిపోయారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం మీరు పోయినేడాది పేవ్‌మెంటు బడ్డీల అనుమతుల కాగితం నా ముందు పెట్టారు. తాళంచెవులాయన, గొడుగులావిడ, చెప్పులు కుట్టేవాళ్లు, నాన్న, ఇలా నలభై రెండు మంది. ఏడాదికోసారి వీళ్ల అనుమతి పొడిగించాలి. పట్టిక కింద పాతకాలం నాటి పేరా, 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' అని మొదలై నాలుగు లైన్లు సాగేది. దీన్ని ఒక్క లైనులో చెప్పగలవా అన్నారు. మూడు రోజులు కుస్తీ పట్టాను. ఏడు మాటలకి దించాను. మీరు సెక్షన్ అందరికీ వినిపించేలా చదివారు. టైపిస్టు ఆంటీ, అమ్మయ్య, నా వేళ్లకి పుణ్యం కట్టుకున్నావు అంది. మాటల విలువ తెలిసిన పిల్ల దొరికింది, ఇక నేను హాయిగా రిటైరవుతాను అన్నారు మీరు. ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచి వెళ్లలేదు, తేలుతూ వెళ్లాను.

ఒక్క అనుమానం మాత్రం అప్పుడే అడిగాను. పొరపాటున ఎవరి పేరైనా పట్టికలో తప్పిపోతే ఈ వాక్యం వాళ్ల మెడకి చుట్టుకోదా అని. పిచ్చిపిల్లా, ఏటా ఉన్నవాళ్లే కదా, పేరెందుకు తప్పుతుంది, అది చూడ్డానికే కదా మనం ఉన్నది అన్నారు. మనం అన్నారు.

మొన్న శుక్రవారం సమావేశం. మీ పక్కన చిన్న కుర్చీలో నేను. మామూలు అంశాలు ఒకటి నుంచి పంతొమ్మిది, అన్నీ ఒకే కట్టగా ఆమోదిద్దాం, ఎవరికైనా ఏదైనా విడిగా కావాలా అని అధ్యక్షుడు అడిగారు. ఎవరైనా ఒక్క అంకె పలికితే చాలు, ఆ అంశాన్ని కట్టలోంచి తీసి చర్చించాలి. అది ఇక్కడి పద్ధతి, మీరే చెప్పారు. మీరు కళ్లజోడు పైనుంచి ఆ చివర నుంచి ఈ చివరకి చూశారు. సిమెంటు కొట్టు సభ్యుడు, నాకు విడిగా ఒక టీ కావాలి అన్నాడు. ఇంత వేడిలో టీ ఏమిటయ్యా, ఫ్యాను విడిగా అడుగు అని పక్కావిడ. అందరూ నవ్వుతుండగానే, ఆమోదించాం అన్నట్టు అధ్యక్షుడి చెయ్యి బల్ల మీద పడింది. పంతొమ్మిది అంశాలకి నలభై సెకన్లు. నాన్న ఇచ్చిన వాచీలో నేనే చూశాను. పద్నాలుగో అంశం పేవ్‌మెంటు అనుమతులు. 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని గుండ్రంగా రాశాను. మీరు నా రాత చూసి తల ఊపారు.

ఆ సభ్యుల్లో నాన్న చేతికి వాచీ ఇవ్వని వాళ్లు ఒక్కరూ లేరు బాబాయ్. ప్రతి సోమవారం ఆ హాల్లో స్టూలెక్కి గోడ గడియారాన్ని సరిచేసేది ఎవరో అందరికీ తెలుసు. పేరు పెట్టి చర్చకి వస్తే ఆయన్ని తీసేయడానికి చేతులు లేవవు. అందుకే కదా కట్టలో పెట్టింది?

అదే సాయంత్రం మీరు బడ్డీ దగ్గరికి వచ్చారు. నాన్న పక్కన బెంచీ మీద కూర్చుని టీ తాగారు. నీ కూతురు నా కుర్చీకి ఎసరు పెడుతోంది అని నవ్వించారు. వెళ్తూ వెళ్తూ మీ వాచీ విప్పి ఇచ్చి, తొందరేం లేదు, తీరిగ్గా చెయ్యి అన్నారు. ఎంత తీరిక ఉందో మీకు అప్పటికే తెలుసు. పదిహేను రోజులు.

ఈ రోజు వరండాలో అధ్యక్షుడి డ్రైవరు నన్ను ఆపాడు. నోటీసు సంగతి నాకు ముందే తెలుసనుకున్నాడు పాపం. ఏం చేస్తామమ్మాయ్, ఆ మూల తీస్తే గానీ రెండో గేటు రాదు, రెండో గేటు వస్తే గానీ నా మెడనొప్పి పోదు, రోజూ కారు రివర్సు చేస్తూ వెనక్కి తిరిగి తిరిగి గుడ్లగూబనైపోయాను అన్నాడు. ఎప్పుడు అనుకున్నారని అడిగాను. మార్చిలోనే, మీ బాబాయి గారే టేపు పట్టి కొలిచారు, అవతలి కొస నేనే పట్టుకున్నాను అన్నాడు.

మార్చి. నేను చేరడానికి ముందు. వాక్యానికి ముందు.

తడిగుడ్డతో గొంతు కోయడం అనే మాట విన్నప్పుడల్లా, గుడ్డ ఎలా కోస్తుందా అని ఆశ్చర్యపోయేదాన్ని. ఈ రోజు జిగురు కారుతున్న ఆ కాగితం చూశాక ఆశ్చర్యం పోయింది.

అయినా మీ బల్ల దగ్గరికి వచ్చేటప్పుడు నాలో ఎక్కడో చిన్న ఆశ ఉంది. అయ్యో, అలా జరిగిందా, పద చూద్దాం అంటారేమోనని. మీరు తల ఎత్తలేదు. మామూలు అంశాల్లో పోయిందమ్మా, ఏం చేస్తాం అన్నారు. బాబాయ్ అని పిలిచాను. ఇది ఆఫీసు, ఇక్కడ బాబాయి లేడు, హెడ్ గుమాస్తా ఉన్నాడు అన్నారు. టైపిస్టు ఆంటీ మిషను ఆగిపోయింది. తర్వాత మీరు పద్నాలుగో అంశం ఫైలు తెరిచి, ఒక కాగితం మీద వేలు పెట్టి, నా వైపు తోశారు. ఆ వేలు కింద ఏముందో చూశాక ఫైలు మూసి మీ వైపే తోసేశాను. అది ఇప్పుడు రాయలేను. చేతకావడం లేదు.

ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి వచ్చేశాను. మీకు ఎదురుగా నిలబడితే నాకు ఏడుపొస్తుంది, ఏడుపు మినిట్స్‌లోకి ఎక్కదు. అందుకే ఉత్తరం. ఇందులో విశేషణాలు ఉంటే ఉండనివ్వండి, ఎర్ర పెన్ను పెట్టకండి. నన్ను మోసం చేశారు అని నేరుగా రాస్తున్నాను. ఆ మూలన గేటు కావాలంటే అడిగి ఉండొచ్చు. నాన్న ఇంకో మూల చూసుకునేవారేమో, మీ మాట ఆయన ఎప్పుడు కాదన్నారు? అడగడానికి మీకు మొహం చెల్లలేదు. అందుకని కూతురి చేత తండ్రికి నోటీసు రాయించారు. నేను మాటల్ని ప్రేమిస్తానని మీకు తెలుసు. అది నా బలం అనుకున్నాను. మీకు అది పట్టుకోవడానికి పిడిలా దొరికింది.

పైవాళ్లు చెప్పారని మీరు అనొచ్చు. చెప్పే ఉంటారు. రిటైర్మెంటు ముందు ఎవరితో తగువెందుకు అనుకునే ఉంటారు.

ఈ ఉత్తరం పిన్ని చేతికి ఇచ్చి వెళ్తాను. పిన్నికి ఏమీ చెప్పను.

ఇట్లు,
మీరు దిద్దబెట్టగా రాయడం నేర్చుకున్న
టైము మేస్త్రి కూతురు

తా.క. - ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. రాయలేనన్నది రాయకపోతే ఇది కూడా మీ మినిట్స్ లాంటిదే అవుతుంది.

మీ వేలు కింద ఉన్నది నా సంతకం. ఈ ఏడాది కొత్త పట్టిక చివర, 'గత సంవత్సరం పట్టికతో సరిచూడడమైనది' అన్న లైను కింద. తేదీ కూడా నా చేత్తోనే వేశాను. సరిచూశానని సంతకం పెట్టాను గానీ సరిచూడలేదు. పాత పట్టిక మీరు పక్కనే పెట్టారు. నేను దాన్ని తెరవను కూడా తెరవలేదు. కింద నా ఏడు మాటలు టైపులో ఎలా ఉన్నాయో చూసుకుంటూ కూర్చున్నాను. పైన ఒకే ఒక్క చోట చెయ్యి పెట్టాను. పదిహేడో వరసలో గొడుగులావిడ పేరుకి ఒక దీర్ఘం పడిపోతే దిద్దాను. పదిహేడు నాన్న వరస బాబాయ్. ఏటా తాళంచెవులాయనకీ గొడుగులావిడకీ మధ్య నాన్న ఉంటారు. నాన్న లేని చోట నిలబడి, దీర్ఘం పెట్టి, సంతోషించి, సంతకం చేశాను.

చూడనని మీకు తెలుసు. పాత పట్టిక పక్కనే పెట్టారంటే అంత నమ్మకం నా మీద. ఈ రోజంతటిలో నన్ను ఎక్కువగా కోసింది అదే.

కానీ మే నెలలో మీరే ఇంకో మాట కూడా నేర్పారు, గుర్తుందా? నిర్ణయం తప్పైనా నిర్ణయమే, కానీ పొరపాటును మాత్రం మినిట్స్ ఖరారయ్యేలోపు దిద్దవచ్చు, దిద్దమని రాసివ్వాల్సింది సరిచూసిన మనిషే అన్నారు. మినిట్స్ ఖరారు చేసేది రేపు పది గంటల సమావేశంలో. సరిచూసిన మనిషిని నేను.

అర్జీ రాసేశాను. సరిచూడకుండానే సంతకం చేశానని, నా వల్ల ఒక పేరు పోయిందని, పద్నాలుగో అంశాన్ని కట్టలోంచి విడిగా తీయమని. నాలుగు లైన్లు, విశేషణాలు లేవు. దీంతో నా శిక్షణ సర్టిఫికెట్టు పోతుంది. పోనివ్వండి. అధ్యక్షుడు మీ వైపు తిరిగి, ఇది పొరపాటేనా హెడ్ గుమాస్తా గారూ అని అందరి ముందూ అడుగుతారు. పొరపాటే అంటే పేరు తిరిగి వస్తుంది. కాదంటే ఎందుకు కాదో నిలబడి చెప్పాలి. ఏం చెప్పినా ఆ కుర్చీలో కూర్చుని రాయడానికి రేపు నేను ఉండను, మీరే రాసుకోవాలి.

పొద్దున ఎనిమిదికి ముందు నాన్నకి చెబుతాను, ఆ వాక్యం బిగించింది ఎవరో. తొమ్మిదిన్నరకి అర్జీలు తీసుకునే ఇన్‌వర్డ్ కిటికీ తెరవగానే నాది ఇచ్చి, ముద్ర వేయించుకుని, నంబరు రాసుకుంటాను. తర్వాత హాల్లో వెనక వరసలో, జనం కూర్చునే బెంచీ మీద ఉంటాను. మీ వాచీ నాన్న బాగు చేసేశారు. వస్తూ తెచ్చి మీ బల్ల మీద పెడతాను.